పోటు దిగేవరకు
(స్త్రీల మైత్రి కూటములో చేసిన ప్రసంగ పాఠము)



ఇంగ్లండులో మా అబ్బాయి దగ్గర మూడు నెలలుండి వచ్చాను గనుక అక్కడ చూచినవి నాలుగు మాటలు చెప్పమన్నారు. లండను సంగతులు పుస్తకాల్లో దొరుకుతాయి. నేను చెప్పదలచింది ఈశాన్య ఇంగ్లండులోని నార్తంబర్లాండు సముద్రతీరాన్ని గూర్చి. జూన్ నెలలో క్రాస్టర్ అనే చిన్న రేవు నుండి హోలీ ఐలండ్ వరకు నాలుగు రోజులు తిరిగాము. గొప్ప వింతలేమీ కావు. అక్కడివారికి అవి రోజూ కనబడేవే.

వేసవి అన్నారే గాని ఉన్ని స్వెట్టరు లేనిదే నేను బయట అడుగు పెట్టలేదు. రాత్రి తొమ్మిదిన్నర దాటితే గాని పొద్దు గూకదు. ఇసుకలో కుక్కలను తిప్పేవారు, ఫ్లాస్కులో టీ తెచ్చుకుని కారులోనే కూర్చుని సముద్రాన్ని చూచే ముసలి దంపతులు, పిల్లల చేతిలోని బంగాళాదుంప ముక్కను తన్నుకుపోయే తెల్లని సముద్రపక్షులు. గట్టు వెంట చెక్కబల్లలు. ఒక్కొక్క బల్లకు చిన్న పలక, దానిమీద చనిపోయినవారి పేరు, వారికి ఈ చోటు ఎంతో ఇష్టమన్న మాట. సమాధి కట్టినట్లు కాక, మరొకరు కూర్చోవడానికి చోటు కల్పించడం నాకు నచ్చింది.

క్రాస్టర్‌లో రేవు దగ్గరికి రాకముందే పొగవాసన తగులుతుంది. హెర్రింగ్ అనే చేపను, మన కవళ్ళకు చుట్టమనుకోండి, చీల్చి, ఉప్పునీటిలో ఉంచి, ఓక్ చెక్కపొట్టు పొగమీద గంటల తరబడి వ్రేలాడదీస్తారు. దానిని కిప్పర్ అంటారు. ఎండుచేప తెలిసిన మనకు ఆ వాసన పరాయిది కాదు. అయితే ఒక విచారం. అంత సమృద్ధిగా దొరికిన హెర్రింగ్ మితిమీరిన వేట వలన తరిగిపోయి, 1977లో ఉత్తర సముద్రంలో దాని వేటనే ఆపివేయవలసి వచ్చింది. తరువాత మరల అనుమతించారు గాని, ఇప్పుడు ఆ పొగగదులకు చేప ఎక్కువగా నార్వే వైపు నుండే వస్తుంది.

అక్కడికి ఉత్తరాన సీహౌసెస్ అనే ఊరు. పడవ ఎక్కి ఫార్న్ దీవులకు వెళ్ళాము. రాళ్ళమీద బద్ధకంగా దొర్లే సీల్ జంతువులు, ముక్కున సూదుల్లాంటి చేపలను వరుసగా కరచుకుని ఎగిరే పఫిన్ పక్షులు చూచి మా మనుమడు కేరింతలు కొట్టాడు. తిరిగి వచ్చాక రేవులో లైఫ్‌బోట్ షెడ్డు చూచాము. సముద్రంలో ఆపదలో ఉన్నవారిని రక్షించే ఈ సంస్థ 1824లో ఏర్పడింది. ముఖ్యంగా ప్రజల విరాళాలతో నడుస్తుంది. సిబ్బందిలో ఎక్కువమంది జీతం లేని స్వచ్ఛంద సేవకులు. పిలుపు వస్తే చేతిలో పని, కంచంలో అన్నం విడిచి పరుగెత్తుతారు.

అక్కడికి మూడు మైళ్ళలో బాంబరో. నల్లరాతి గుట్టమీద పెద్ద కోట. ఆ నల్లరాయే సముద్రం క్రిందుగా సాగి ఫార్న్ దీవులుగా పైకి లేచింది. కోటను మోసిన రాయే ఓడలనూ పగులగొట్టింది. 1838 సెప్టెంబరు 7 తెల్లవారుజామున ఫోర్ఫర్‌షైర్ అనే స్టీమరు ఆ రాళ్ళకు కొట్టుకుని రెండు ముక్కలైంది. లాంగ్‌స్టోన్ దీపస్తంభం కావలివాని కుమార్తె గ్రేస్ డార్లింగ్ కిటికీలోనుండి చూచింది. ఆమెకు 22 ఏళ్ళు. తండ్రీ కూతురూ చిన్న పడవలో ఆ తుఫానులో మైలు దూరం తెడ్లు వేసుకుంటూ వెళ్ళారు. తండ్రి రాతిమీదికి దిగినప్పుడు పడవ పగలకుండా రెండు తెడ్లతో ఆ పిల్ల ఒక్కతే దానిని నిలిపింది. అక్కడ ఒక తల్లి చనిపోయిన ఇద్దరు బిడ్డలను ఇంకా ఒడిలో పట్టుకుని ఉంది. రెండు విడతలలో తొమ్మిదిమందిని దీపస్తంభానికి చేర్చారు. గ్రేస్ 1842లో క్షయతో చనిపోయింది. బాంబరో చర్చి ఆవరణలో, సముద్రంలో పోయే ఓడలకు కనబడేటట్లు, ఆమె స్మారకం కట్టారు.

చివరి రోజు హోలీ ఐలండ్. లిండిస్‌ఫార్న్ అని దాని మరో పేరు. క్రీ.శ. 635లో ఆస్వాల్డ్ రాజు పిలుపుమీద అయోనా నుండి ఎయిడన్ వచ్చి అక్కడ మఠం స్థాపించాడు. ఆయనకు స్థానిక భాష రాకపోతే రాజే ప్రక్కన నిలబడి ప్రసంగం తర్జుమా చేశాడట. ఆ దీవికి 1954లో రోడ్డు వేశారు గాని, రోజుకు రెండుసార్లు పోటు వచ్చి దానిని ముంచివేస్తుంది. ఎప్పుడు దాటవచ్చునో వేళల పట్టిక ఒడ్డున కట్టి ఉంది.

మేము ఆలస్యంగా చేరాము. పట్టిక ప్రకారం వేళ దాటి పది నిమిషాలైంది. రోడ్డుమీద పలుచగా నీళ్ళు. “చీలమండ లోతు కూడా లేదమ్మా, రెండు నిమిషాల్లో దాటేస్తాం” అన్నాడు అబ్బాయి. నిజం చెబుతున్నాను, నాకూ వెళ్దామనే ఉంది. మరునాడే తిరుగు ప్రయాణం. అంత దూరం వచ్చి ఆ దీవి చూడకపోతే ఎలా అనిపించింది. మనుమడు వెనుక సీటులో నిద్రపోతున్నాడు.

కుక్కతో నడుస్తున్న ఒక పెద్దాయన కారు దగ్గరికి వచ్చి అద్దం దించమన్నాడు. “నీళ్ళు ఎంత ఉన్నాయని చూడకు నాయనా, ఎటు వస్తున్నాయో చూడు” అన్నాడు. అబ్బాయి ఇంజను ఆపాడు. అరగంటలో ఆ రోడ్డు కనబడలేదు. నీళ్ళ మధ్యన పొడవాటి కాళ్ళమీద ఒక తెల్లని చెక్కగది మాత్రం మిగిలింది. తొందరపడి చిక్కుకున్నవారు ప్రాణాలు దక్కించుకోవడానికి కట్టినది. కార్లు అలా చిక్కుకుంటూనే ఉంటాయట. సీహౌసెస్ లైఫ్‌బోట్ వారే వచ్చి దించుకుపోతారట. ముందురోజు మేము చూచినవారే!

ఒడ్డున కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిన్నాము. సాయంకాలం పోటు దిగాక దీవికి వెళ్ళి, వెలుగుండగానే గంటసేపు చూచి వచ్చాము. అక్కడ ఏమేమి చూచానో సగం మరచిపోయాను. కాని కుక్కతో వచ్చిన ఆ పెద్దమనిషి ముఖం మరచిపోలేదు. పరాయివాళ్ళు, నాకెందుకని తన దారిన పోలేదు. ఆ రోజు మాకోసం ఎవరూ కంచం ముందునుండి లేవవలసిన పని పడలేదు.