నర్సాపూర్ రోడ్డు మీద టూ స్ట్రోక్ రోజులు

ఎనభైల్లో హైదరాబాద్ జీడిమెట్ల పారిశ్రామికవాడలో షిఫ్టు దిగగానే మా మిత్రబృందం బండ్లు బయటికి తీసేది. గండిమైసమ్మ, దుండిగల్ దాటితే నర్సాపూర్ అడవి దాకా రోడ్డు దాదాపు ఖాళీ. ఎదురుగా లారీ వస్తే తప్ప ఎవరూ వేగం తగ్గించేవారు కాదు.

ఒకడిది యెజ్డీ. కిక్ కొట్టిన రాడ్డునే తిప్పి గేరుగా వాడుకునే బండి అది. కొత్తవాళ్లకు ఓ పట్టాన అంతుబట్టేది కాదు. 1985లో యమహా ఆర్‌ఎక్స్ 100 వచ్చింది. 98 సీసీ, 11 హార్స్‌పవర్. అంకెలు చిన్నవే. కానీ టూ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంకు తిరిగిన ప్రతిసారీ ఇంధనం మండుతుంది. ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకసారే. బండి బరువు వంద కిలోలకు అటూ ఇటూ. అందుకే యాక్సిలరేటర్ తిప్పీ తిప్పగానే దూకేది. పెట్రోలుతో పాటు ఇంజనాయిలూ మండేది కనుక వెనక నీలిపొగ. కాలుష్య నిబంధనలు బిగిసి, 1996లో దాని తయారీ ఆగిపోయింది. ఆ బండి చప్పుడంటే నాకిప్పటికీ ప్రాణం.

నర్సాపూర్ రోడ్డు మీద మేమూ పోటీలు పడేవాళ్లం. అసలైన పందేలు మాత్రం మద్రాసు దగ్గర షోలవరంలో, యుద్ధకాలపు రన్‌వే మీద జరిగేవి. 1990 నాటికి మద్రాసుకు దగ్గర్లోనే ఇరుంగట్టుకోట్టైలో ప్రత్యేక ట్రాక్ సిద్ధమైంది. అక్కడ హెల్మెట్, తోలు సూటు, పక్కనే అంబులెన్సు తప్పనిసరి. మేం పోటీలు పడ్డ రోడ్డు మీద అవేవీ లేవు. ఇప్పుడా దారి నిండా అపార్ట్‌మెంట్లు, కాలేజీ బస్సులు. ఔటర్ రింగ్ రోడ్డు మీదకైతే ద్విచక్ర వాహనాలను రానివ్వరు. వేగం కోసం తహతహలాడే కుర్రాళ్లు ట్రాక్ మీద శిక్షణ పొంది, పోటీ లైసెన్సు తీసుకుని బరిలోకి దిగవచ్చు.