మార్కుల మెమో ఏం చెబుతుంది, ఏం చెప్పదు

(గ్రామీణ మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



పట్టాదారు పాసుపుస్తకం, రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు - ఇవన్నీ చదవడం మనం నేర్చుకున్నాం. ఊళ్ళో ఆడవాళ్ళకు చదివి చెబుతున్నాం కూడా. అదే ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉన్న ఇంకో కాగితం జోలికి మాత్రం పోలేదు. అది ఆ ఇంటి ఆడపిల్ల మార్కుల మెమో. చదువు సంగతి పంతుళ్ళు చూసుకుంటారులే అనుకున్నాం. కానీ పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలోనే, ఆ కాగితం మీద ఒక్క మాట చూసి చదువు మాన్పించి సంబంధాలు చూడటం మొదలుపెట్టే ఇళ్ళు మనకు తెలుసు. మగపిల్లవాడు తప్పితే "మళ్ళీ కడతాడులే" అంటారు. ఆడపిల్ల తప్పితే "దానికి చదువు అబ్బలేదు" అంటారు. కాగితం ఒకటే, చదివే తీరే వేరు.

ఒక మెమో తీసుకుందాం. ఇది ఎవరిదీ కాదు, లెక్క కోసం నేను వేసింది. ఆంధ్రప్రదేశ్ పదో తరగతి. తెలుగు 61, హిందీ 24, ఇంగ్లీషు 38, లెక్కలు 31, సైన్సు 52, సోషల్ 58. ఫలితం దగ్గర "ఫెయిల్". పిల్ల ఏమనుకుంటుంది? హిందీ పోయింది, లెక్కలు పోయాయి, మొత్తం పోయింది అనుకుంటుంది. నిజానికి హిందీకి పాస్ మార్కు 20. కనుక హిందీ పాసే. మిగతా సబ్జెక్టులకు 35. అంటే ఆరింటిలో ఐదు పాసయింది, ఒక్క లెక్కల్లో 4 మార్కులు తగ్గాయి. సప్లిమెంటరీలో ఆ ఒక్క పేపరే రాయాలి. పాసైతే అదే ఏడాది ఇంటర్లో చేరవచ్చు. ఇది పిల్లకూ తల్లికీ ఎదురెదురుగా కూర్చోబెట్టి, ఒక్కో అంకె మీద వేలుపెట్టి చెప్పాలి. "బాధపడకమ్మా" అని వచ్చేస్తే చాలదు.

అక్కతో పోల్చడం ఇంకో తంటా. 2012 నుంచి కొన్నేళ్ళు మార్కుల బదులు గ్రేడ్లిచ్చారు. ఆంధ్రలో 2022లో మళ్ళీ మార్కులు వచ్చాయి. తెలంగాణలో 2024-25 నుంచి గ్రేడ్ పాయింట్ల సగటు తీసేశారు. అక్క మెమోలో బి2 ఉంటే అది 61 కావచ్చు, 70 కావచ్చు. 2020లో కోవిడ్ వల్ల పరీక్షలు రద్దుచేసి అందర్నీ పాస్ చేశారు. ఈ మెమోలను పక్కపక్కన పెట్టి "అది తెలివైంది, ఇది మొద్దు" అనడానికి లేదు. ఎంట్రన్సు పరీక్షల్లో వచ్చే పర్సంటైల్ కూడా అంతే. 90 పర్సంటైల్ అంటే నూటికి 90 మార్కులు కాదు, రాసినవాళ్ళలో నూటికి 90 మంది ఈమెతో సమానంగానో కిందో ఉన్నారని.

ఇక, మెమోలో ఉన్నదంతా నిజమేనా? 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు గుర్తు చేసుకోండి. ఒక అమ్మాయికి తెలుగులో సున్నా అని వచ్చింది. తిరిగి చూస్తే 99. ఆ ఫలితాల తర్వాత 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫెయిలైన వాళ్ళందరి పేపర్లూ ఉచితంగా తిరిగి చూడాల్సి వచ్చింది, వెయ్యి మందికి పైగా పాసయ్యారని తేలింది. ఫలితాలు వచ్చిన రోజున పిల్లను ఒంటరిగా వదలకండి. ఆ రోజు మనలో ఒకరు ఆ ఇంటికి వెళ్ళడం కూడా మన పనే.

అనుమానముంటే దారులున్నాయి. రీకౌంటింగ్ అంటే కూడిక సరిచూడటం. రీవెరిఫికేషన్ అంటే దిద్దని జవాబులేమైనా మిగిలాయా అని కూడా చూసి, జవాబు పత్రం నకలు ఇవ్వడం. జవాబులన్నీ మొదట్నుంచి దిద్దడం మాత్రం కాదు, ఆ ఆశ పెట్టకండి. పదో తరగతికి సబ్జెక్టుకు రూ. 500, రూ. 1000 చొప్పున కట్టించుకుంటూ వచ్చారు. రెండోది కడితే మొదటిది అక్కర్లేదు. కూలికి పోయే తల్లికి ఆ వెయ్యి ఎక్కడిది? సంఘం పొదుపులోంచి అప్పివ్వడానికి ఇంతకన్నా అవసరమైన ఖర్చేముంటుంది? గడువు కొద్దిరోజులే. ఆ ఫలితం కోసం ఆగకుండా సప్లిమెంటరీ ఫీజు కట్టించండి. తన జవాబు పత్రాన్ని సమాచార హక్కు కింద చూసుకోవచ్చని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే జవాబివ్వడానికి 30 రోజుల వ్యవధి ఉంటుంది, ఆలోగా సప్లిమెంటరీ దాటిపోవచ్చు.

మార్కులు కాక మెమోలో ఇంకొకటుంది, పుట్టిన తేదీ. వయసు తేల్చాల్సి వస్తే బడి ఇచ్చే పుట్టిన తేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్టు ముందు చూడాలని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ అంటుంది. బాల్యవివాహం ఆపడానికి వెళ్ళినప్పుడు "పిల్లకు పద్దెనిమిది నిండాయి" అని పెద్దలు దబాయిస్తారు కదా, అప్పుడీ కాగితమే మాట్లాడుతుంది. అందుకే పదో తరగతి నామినల్ రోల్స్ పంపేముందే తేదీ, తల్లి పేరు సరిగా ఉన్నాయా అని పిల్లచేతే చూపించాలి.

ఏడాదిలో ఎన్ని నెలలు లెక్కల టీచరు లేదో, ఈ పిల్ల ఎన్ని రోజులు తమ్ముణ్ణి ఎత్తుకుని ఇంట్లో ఉండిపోయిందో మెమో చెప్పదు. అవి మనం అడిగి రాసుకోవాలి. ఒక బడిలో సగం మంది లెక్కల్లోనే తప్పితే అది పిల్లల ఫెయిలు కాదు. ఆ మెమోల నకళ్ళన్నీ ఒకచోట పెట్టి మండల విద్యాశాఖాధికారి దగ్గరికి వెళ్ళాలి.

మీ ఊళ్ళ నుంచి నకళ్ళు తెచ్చినవాళ్ళు ముందుకు రండి. ఇద్దరిద్దరుగా కూర్చుని చదువుదాం. మొదట పుట్టిన తేదీ చూడండి, తర్వాతే మార్కులు.