ఊక, తవుడు, రబ్బరు
(సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కనీస పెన్షను గురించి ఇంతసేపు మాట్లాడుకున్నాక రబ్బరు గోల ఎవరు వింటారండీ అన్నాను. "మీ జీవితమంతా దాంతోనే గడిచింది కదా, చెప్పండి" అన్నారు కార్యదర్శి గారు.

విజయవాడలో ఒక చిన్న కర్మాగారంలో మిక్సింగు మిల్లు మీద పనిచేశాను. రైసు మిల్లుల్లో వడ్ల పొట్టు తీసే రబ్బరు రోళ్లు చేసేవాళ్లం. కృత్రిమ రబ్బరు ఒక్కటే అయితే దేనికీ పనికిరాదు. అందులో నల్లపొడి, జింక్ ఆక్సైడు, స్టియరిక్ యాసిడు, గంధకం, మెత్తబడటానికి పెట్రోలియం నూనె కలపాలి. ఆ నూనె నల్లగా, చిక్కగా ఉండేది. గ్లౌజులు లేవు. అన్నం ముద్దలో కూడా దాని వాసనే. పక్క మిల్లు మీది నా మిత్రుడికి చేతుల నిండా పుండ్లు లేచాయి. నూనె వల్లేనని ఏ డాక్టరూ రాసివ్వలేదు. ఆయన రిటైర్మెంటు దాకా నిలవలేదు. అటువంటి నూనెల్లో క్యాన్సరు కారకాలున్నాయని ఐరోపాలో 2010 జనవరి 1 నుంచి టైర్లలో వాటిని కట్టడి చేశారు.

ఒకసారి స్టియరిక్ యాసిడు సమయానికి రాలేదు. సబ్బులు చేసేవారి దగ్గర తవుడు నూనె తెచ్చి కలిపాం. తవుడును మిల్లులో పట్టిన వెంటనే వేడి చేయకపోతే దానిలోని ఎంజైము నూనెను విడగొట్టి ఆమ్లం పెంచుతుంది. అది వంటకు పనికిరాదు. కాని రబ్బరుకు కావలసింది ఆ ఆమ్లమే! జింకుతో కలిసి గంధకం పనిని వేగిరపరుస్తుంది. మిగిలిన నూనె రబ్బరును మెత్తబరుస్తుంది. రోలు బాగానే వచ్చింది. అయినా పాత నూనె చౌక అని యజమాని మళ్లీ దానికే వెళ్లారు. తర్వాత తెలిసింది, కొచ్చిన్‌లో కురియకోస్, రాజేంద్రన్ గార్లు ఇదే విషయం స్టైరీన్ బ్యూటాడైయీన్ రబ్బరు మీద పరిశోధించి 1995లో ప్రచురించారని. ఒక్క జాగ్రత్త: ఈ నూనె కూడా కొంత గంధకాన్ని తినేస్తుంది, మోతాదు మించితే సరుకు మెత్తబడుతుంది.

ఇక ఊక. నూరు కిలోల వడ్లకు సుమారు ఇరవై కిలోల ఊక, కాలిస్తే నాలుగు కిలోల బూడిద. గుడివాడ, తెనాలి వైపు మిల్లుల పక్కన కాపురమున్న వారికి నేను చెప్పాలా, ఆరేసిన బట్టల మీద పడేది అదే. అందులో అధిక భాగం సిలికా. కాస్టిక్ సోడాలో కరిగించి, యాసిడు పోస్తే తెల్లని పొడిగా దిగుతుంది. సిలికాకు రబ్బరుతో పొత్తు కుదరదు. అందుకని సిలేన్ అనే మందు వేస్తారు. దాని ఒక కొన సిలికాను, గంధకం ఉన్న రెండో కొన రబ్బరును పట్టుకుంటుంది. ఇలాంటి టైరు తక్కువ వేడెక్కుతుంది, డీజిలు ఆదా, తడి రోడ్డు మీద పట్టు. ఊక బూడిద సిలికాను టైర్లలో వాడతామని గుడ్‌ఇయర్ వారు 2014లో ప్రకటించారు.

మీ పిల్లలెవరైనా ఆటోనగర్‌లో రబ్బరు పని చేస్తుంటే, మిల్లు దగ్గరి నూనె పీపా మీద ఏమి రాసి ఉందో ఒకసారి అడగండి. గ్లౌజులు ఇస్తున్నారో లేదో కూడా. కాఫీలు వచ్చినట్టున్నాయి, ఇక సెలవు.