విమానం మెకానిక్ కావాలంటే
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మొన్న కేసముద్రం మార్కెట్ దగ్గర ఒక పెద్దాయన అడిగారు: "భాయ్, మావోడు మోటార్లు మంచిగ విప్పి బిగిస్తడు, విమానాల మెకానిక్ అయితడా?"

అవుతాడు. కాని చేతిపని ఒక్కటే చాలదు. ఇంటర్‌లో ఎం.పి.సి. చదవాలి. తర్వాత డి.జి.సి.ఎ. ఆమోదం ఉన్న సంస్థలో చేరాలి. లైసెన్సు పరీక్షల్లో పాసు మార్కులు నూటికి 75. మన ముప్పై అయిదు అక్కడ నడవదు! ఆపైన విమానాల మీద పనిచేసిన అనుభవం చూపాలి. ఆడపిల్లలకూ ఇదే దారి.

మనవాళ్లు మోసపోయేది ఎక్కడంటే, కోర్సు సర్టిఫికెట్ వేరు, లైసెన్సు వేరు. లైసెన్సు లేనిదే రిపేరైన విమానానికి సంతకం పెట్టే అధికారం రాదు. నాకు తెలిసిన ఒకాయన ఎకరం అమ్మి ఫీజు కట్టారు. ఆ సంస్థకు ఆమోదమే లేదని రెండో ఏడు తెలిసింది. ఆ పిల్లవాడి ముఖం చూడలేకపోయాను. పైసలు కట్టకముందే డి.జి.సి.ఎ. జాబితాలో పేరు చూడండి, మొహమాటం వద్దు.

పని శంషాబాద్‌లోనే ఉంది. 2008లో విమానాశ్రయం వచ్చాక రిపేరు హ్యాంగర్లూ వచ్చాయి. మన షాపులో పానా పోతే రేపు వెతుక్కుంటాం. అక్కడ ఒక్క పానా లెక్క తగ్గినా, అది దొరికేదాకా విమానాన్ని కదలనివ్వరు.

ఇంటర్ మార్కుల కాగితాలు తెచ్చిన పిల్లలు సభ అయ్యాక నన్ను కలవండి.