కొడవలి కణం: వాహకులు వేరు, రోగులు వేరు



మన రక్తానికి ఎరుపు రంగునిచ్చే హీమోగ్లోబిన్ ఒక ప్రోటీను. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్‌ను అందుకొని శరీరమంతటికీ చేరవేయడం దాని పని. పెద్దవారి హీమోగ్లోబిన్ అణువులో ప్రధానంగా రెండు ఆల్ఫా, రెండు బీటా గొలుసులు ఉంటాయి. బీటా గొలుసులో అమైనో ఆమ్లాలు 146. వాటిలో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలిన్ వచ్చి చేరితే 'ఎస్' రకం హీమోగ్లోబిన్ తయారవుతుంది.

ఈ అణువులు ఆక్సిజన్‌ను వదలగానే ఒకదానికొకటి అతుక్కుని కడ్డీల్లా ఏర్పడతాయి. గుండ్రంగా, మెత్తగా ఉండవలసిన ఎర్ర రక్తకణం కొడవలిలా వంగి బిరుసెక్కుతుంది. సన్నని రక్తనాళాల్లో అడ్డుపడి తీవ్రమైన నొప్పి కలిగిస్తుంది. మామూలు కణం సుమారు 120 రోజులు జీవిస్తే, ఇది 10 నుంచి 20 రోజుల్లోనే నశిస్తుంది. రక్తహీనతకు కారణం ఇదే. ఇనుము మాత్రలతో ఇది నయం కాదు.

ఇది హీమోగ్లోబిన్ అణువులోని లోపమని 1949లో లైనస్ పౌలింగ్ బృందం నిరూపించింది. మారినది ఒకే ఒక్క అమైనో ఆమ్లమని 1957లో వెర్నన్ ఇన్‌గ్రామ్ తేల్చారు. మన దేశంలో 1952లో నీలగిరి గిరిజనుల్లో ఈ కణాలను గుర్తించారు. మధ్య భారతంలోనూ, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గిరిజన ప్రాంతాల్లోనూ ఈ జన్యువు ఉంది. గిరిజనేతరుల్లోనూ కనిపిస్తుంది.

ఇంత హాని చేసే జన్యువు తరతరాలుగా ఎలా నిలిచింది? తల్లి, తండ్రి ఇద్దరి నుంచీ ఎస్ జన్యువు వస్తే వ్యాధి వస్తుంది. ఒక్కరి నుంచే వస్తే ఆ వ్యక్తి వాహకుడు మాత్రమే. వాహకులు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు. పైగా తీవ్రమైన మలేరియా నుంచి వారికి కొంత రక్షణ ఉంటుందని తూర్పు ఆఫ్రికాలో పరిశోధించిన ఆంథొనీ అలిసన్ 1954లో చూపించారు. మలేరియా ఎక్కువగా ఉన్నచోట ఈ జన్యువు నిలిచింది అందుకే.

ఇప్పుడు అసలు లెక్క గమనించండి. దంపతులిద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం, వాహకమయ్యే అవకాశం 50 శాతం, రెండూ లేకపోయే అవకాశం 25 శాతం. "మొదటి బిడ్డకు వచ్చింది కదా, మిగతా ముగ్గురికీ భయం లేదు" అనుకోవడం పెద్ద పొరపాటు. ప్రతి గర్భానికీ లెక్క మళ్లీ మొదటికే వస్తుంది.

దంపతుల్లో ఒకరే వాహకులై, రెండోవారి హీమోగ్లోబిన్ పూర్తిగా మామూలుదైతే పిల్లలకు వ్యాధి రాదు. కానీ ఒకరు ఎస్, మరొకరు బీటా తలసీమియా వాహకులైనా ముప్పు తప్పదు. కనుక పరీక్ష ఇద్దరికీ అవసరం.

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాహ్‌డోల్‌లో ప్రారంభమైన జాతీయ కార్యక్రమం 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకుంది. అయితే పరీక్ష ఫలితాన్ని మనం ఎలా చదువుతామన్నదీ ముఖ్యమే. 'వాహకం' అని రాసి ఉన్నంత మాత్రాన అమ్మాయి సంబంధం తప్పిపోకూడదు. బిడ్డకు జబ్బు వస్తే కోడలినే నిందించడం శాస్త్రవిరుద్ధం. ఆ బిడ్డకు ఒక జన్యువు తండ్రి నుంచే వచ్చింది.

చివరగా ఒక లెక్క మీకే వదులుతున్నాను. తల్లికి ఈ వ్యాధి ఉంది, తండ్రి వాహకుడు. పుట్టబోయే బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం ఎంత? కాగితం మీద వేసి చూడండి. మీ ఇంట్లో వారికీ వివరించండి.