స్పామ్ బెడద - మన అడ్రసులు మన చేతుల్లోనే

ఈ వారం స్పామ్ గురించి, అంటే మనం అడక్కుండా వచ్చిపడే ఈమెయిళ్ళ గురించి నాలుగు మాటలు చెప్తాను.

పోయిన ఉగాదికి ఇక్కడ న్యూజెర్సీలో మా తెలుగు కుటుంబాలకి పాట్‌లక్ ఆహ్వానం వచ్చింది. పంపినవారు 180 అడ్రసులూ అందరికీ కనిపించేలా "టూ" గడిలో పెట్టేశారు. కొందరు దాన్ని ఇంకొందరికి ఫార్వర్డ్ చేశారు. రెండు వారాలు తిరక్కుండానే మాకు బాగా కావలసిన ఒక పెద్దాయనకి నా పేరుతో మెయిల్ వెళ్ళింది. "అంకుల్, మీటింగులో ఉన్నాను, ఫోన్ చెయ్యకండి. అర్జెంటుగా గిఫ్ట్ కార్డులు కొని, వెనక గీకి, నంబర్లు పంపండి. సాయంత్రం డబ్బిచ్చేస్తాను" అని. ఆయన మారుమాట లేకుండా పంపేశారు. 200 డాలర్లు పోయాయి. "కార్డులు అందాయా బాబూ?" అని ఆయన ఫోన్ చేస్తే నాకు తల కొట్టేసినట్టయింది.

నా పాస్‌వర్డ్ ఎవరూ దొంగిలించలేదు. ఆ మెయిల్లో పేరు నాది, అడ్రసు ఇంకెవరిదో. అలాంటి జాబితా అందుకున్నవాళ్ళలో ఒక్కరి అకౌంటు దొంగల చేతిలో పడితే చాలు, ఎవరికి ఎవరు తెలుసో వాళ్ళకి తెలిసిపోతుంది.

ఇది కొత్త జబ్బేం కాదు. మొట్టమొదటి స్పామ్‌గా చెప్పుకునే మెయిల్‌ని 1978 మేలో గ్యారీ థ్యూర్క్ అనే కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి దాదాపు 400 మందికి పంపారు. ఆ అడ్రసులు అచ్చయిన డైరెక్టరీలోంచి తీసినవే. జాబితా దొరికితే చాలు, పని అయిపోతుంది.

అందుకని, పదిమందికి మెయిల్ పంపేటప్పుడు అడ్రసులన్నీ "బీసీసీ" గడిలో పెట్టండి. ఒకరివి ఒకరికి కనిపించవు. ఫార్వర్డ్ చేసేటప్పుడు పాత అడ్రసులు చెరిపెయ్యండి.

బ్యాంకుకీ, పిల్లల స్కూలుకీ, బంధువులకీ ఒక అడ్రసు ఉంచుకోండి. కూపన్లకీ, షాపుల్లో లక్కీ డ్రా చీటీలకీ వేరే అడ్రసు ఇవ్వండి.

ముక్కూమొహం తెలియని మెయిల్‌కి జవాబివ్వద్దు, అందులో "అన్‌సబ్‌స్క్రైబ్" కూడా నొక్కద్దు. నొక్కితే ఈ అడ్రసులో మనిషున్నాడని మనమే చెప్పినట్టు. మీరు కొనే షాపువాళ్ళ మెయిల్ అయితే నిక్షేపంగా నొక్కండి. 2003లో చేసిన అమెరికా చట్టం ప్రకారం వాళ్ళు 10 పనిదినాల్లో ఆపాలి.

ఇక డబ్బు మాట వస్తే, ఎవరి పేరున్నా సరే, ముందు మీకు తెలిసిన నంబరుకి ఫోన్ చెయ్యండి.

ఆ పెద్దాయనకి డబ్బివ్వబోతే పుచ్చుకోలేదు. "ఈసారి నీ గొంతు విన్నాకే ఇస్తాలే" అని నవ్వేశారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి కూడా ఈ సంగతి చెప్పండి.

సెలవు.