మొక్కకు ఎండ అలవాటు చెయ్యాలి



నౌపడ ఉప్పుమడుల్లో ఎండ బాగా కాస్తేనే ఉప్పు పండుతుంది. ఈ సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు. మొక్కకూ ఎండ కావాలి. ఎండ వెలుతురుతోనే ఆకు ఆహారం తయారు చేస్తుంది. కానీ అన్ని మొక్కలకూ ఒకే లెక్క కాదు.

అడవి సంగతి చూడండి. దట్టమైన అడవిలో పైన కొమ్మలు కప్పేస్తాయి. పైన రూపాయి ఎండ పడితే, కింద నేలకు ఒకటి రెండు పైసలే చేరుతుంది. అక్కడ చిన్న మొక్క ఎలా బతుకుతుంది? ఉన్నదానితో సర్దుకుంటుంది. ఆకులు వెడల్పుగా, పల్చగా వేస్తుంది. నెమ్మదిగా పెరుగుతుంది. కొన్ని మొక్కలు ఏళ్ల తరబడి అలాగే కాచుకొని ఉంటాయి. పెద్ద చెట్టు ఒకటి పడిపోతే ఎండ నేలకు దిగుతుంది. అప్పుడు అవి జోరుగా పైకి లేస్తాయి.

ఎండలో పెరిగిన మొక్క ఆకులు చిన్నవి, మందమైనవి. సరుగుడు, జీడిమామిడి ఇలా ఎండ కోరేవి. నీడలో పెడితే సన్నగా సాగిపోతాయి. పనస మొక్క చిన్నప్పుడు కొంత నీడ ఓర్చుకుంటుంది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు కూలిపోయాయి. తోటల్లో నీడ పోయింది. అలాంటి చోట మళ్లీ మొక్కలు నాటాలంటే జాగ్రత్త కావాలి. నర్సరీ నీడలో పెరిగిన మొక్కను తెచ్చి వెంటనే ఎండలో నాటితే ఆకులు మాడిపోతాయి. "మొక్క మంచిది కాదు" అంటారు. తప్పు మొక్కది కాదు. పల్చటి ఆకు ఒక్కరోజులో మందం కాలేదు. కొత్తగా వేసే ఆకులే ఎండకు తగ్గట్టు వస్తాయి. దానికి గడువు ఇవ్వాలి.

ఏం చెయ్యాలి? మొదట రోజూ పొద్దుటి ఎండ ఒక గంట చూపించాలి. రోజు రోజుకీ కాస్త పెంచాలి. రెండు వారాలు ఇలా చెయ్యాలి. నీరు మరీ ఎక్కువ పొయ్యకూడదు, మట్టి ఎండిపోనివ్వకూడదు. కొత్త ఆకు వేశాక, వానలు పడ్డాక నాటాలి. నాటాక మధ్యాహ్నం ఎండ గట్టిగా ఉంటే కొన్నాళ్లు తాటాకు అడ్డం పెట్టాలి.

మొక్క చస్తే డబ్బు పోతుంది, మోసిన నీళ్లూ పోతాయి. కాపు ఒక ఏడాది వెనక్కి పోతుంది.

ఇప్పుడు మీకు రాయడం వచ్చింది కదా! మొక్క తెచ్చిన తేదీ కాగితం మీద రాసుకోండి. అక్కడి నుంచి రోజులు లెక్కపెట్టండి. పెరట్లో మామిడి చెట్టుంటే పైకొమ్మ ఆకు ఒకటి, లోపలి నీడలో ఆకు ఒకటి కోసి పక్కపక్కన పెట్టండి. తేడా మీ చేతికే తెలుస్తుంది.